నివారణ నుంచి పోషణ దాకా: వైకల్యం గల పిల్లల ఆహార పరిజ్ఞానం – తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల పాత్ర – ఒక చారిత్రక పరిశీలన

సారాంశం:
భారతదేశంలో పోషకాహార శాస్త్రం వైకల్యాన్ని చాలాకాలం ఆహారలోపానికి ఫలితంగానే చూసింది. ఏ పోషకం లోపిస్తే ఏ అవయవం దెబ్బతింటుందో కనిపెట్టి, దాన్ని ముందుగా అందించడమే ఆ శాస్త్రం లక్ష్యంగా ఉండేది. అప్పటికే వైకల్యంతో జీవిస్తున్న బిడ్డ ఏం తినాలి, ఎలా తినాలి అనే ప్రశ్న ఆ చరిత్రలో వెనుకబడిపోయింది. హైదరాబాదు కేంద్రంగా సాగిన విటమిన్ ఎ పరిశోధన, నల్లగొండ ఫ్లోరోసిస్ అధ్యయనాలు, ఫినైల్‌కీటోన్యూరియా ఆహార చికిత్స అనే మూడు ఉదంతాల ఆధారంగా ఈ వ్యాసం ఆ వెనుకబాటుకు కారణాలను పరిశీలిస్తుంది. నేడు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల పరిజ్ఞానాన్ని కొలిచే పద్ధతుల మీద కూడా ఆ చరిత్ర ప్రభావం ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పోషకాహారం, వైకల్యం, మాతృజ్ఞానం, రేచీకటి, ఫ్లోరోసిస్, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజనం.

ఉపోద్ఘాతం:
పై పెదవి చీలి పుట్టిన బిడ్డను తెలుగువారు 'గ్రహణంమొర్రి' బిడ్డ అంటారు. గర్భవతి గ్రహణ సమయంలో బయటికి రావడం వల్లనో, ఏదైనా కోయడం వల్లనో, తినడం వల్లనో బిడ్డకు ఆ లోపం వచ్చిందన్న నమ్మకం ఆ పదంలోనే నిక్షిప్తమై ఉంది. బిడ్డ శరీరంలోని లోపానికి తల్లి నడవడిని, తల్లి ఆహారాన్ని బాధ్యత చేసే ఆలోచన భాషలోకి ఎంతగా ఇంకిపోయిందో చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు.

ఆధునిక శాస్త్రం గ్రహణ కారణాన్ని తోసిపుచ్చింది. గర్భధారణకు ముందునుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే నాడీనాళ లోపాలు మళ్లీ సంభవించే అవకాశం గణనీయంగా తగ్గుతుందని బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి 1991లో ప్రకటించిన ఫలితాలు నిరూపించాయి. ఇది ఎన్నో కుటుంబాలకు మేలు చేసిన జ్ఞానం. అయితే వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టాక, ఇదే జ్ఞానం "నువ్వు మాత్రలు సరిగా వేసుకోలేదు" అనే నిందగా తల్లివైపు తిరుగుతుంది. కారణం మారినా వేలు చూపే దిశ మారలేదు.

దీనికి భిన్నమైన ప్రశ్న మరొకటి ఉంది. పెదవి, అంగిలి చీలిన శిశువు రొమ్ము పట్టి పాలు చీకలేదు. పాలు ముక్కులోకి వస్తాయి. శస్త్రచికిత్సకు సిద్ధం కావడానికి పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలన్న సూత్రాన్ని శస్త్రవైద్యులు చాలాకాలంగా అనుసరిస్తున్నారు. అంటే ఆ బిడ్డ పెదవి ఎప్పుడు కలుస్తుందన్నది తల్లి ఆ పది వారాలూ పాలు ఎలా పట్టగలిగింది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. లోపం ఎందుకు వచ్చిందన్నది ఒక జ్ఞానం. లోపంతో వచ్చిన బిడ్డను ఎలా పెంచాలన్నది మరొక జ్ఞానం. మొదటిదానికి సంస్థలు, పథకాలు, పాఠ్యాంశాలు ఏర్పడ్డాయి. రెండవది ఎక్కువగా ఇళ్లలోనే ఉండిపోయింది. ఈ అంతరం ఎలా ఏర్పడిందన్నదే ఈ వ్యాసానికి మూలప్రశ్న.

1. కూనూరు నుంచి హైదరాబాదుకు: సగటు మనిషి కొలత
రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో ప్రారంభించిన బెరిబెరి విచారణ విభాగం భారతదేశపు పోషకాహార పరిశోధనకు పునాది. అంతకుముందే ఆయన గిల్గిత్, చిత్రాల్ లోయలలో గలగండాన్నీ, దానితో ముడిపడిన క్రెటినిజాన్నీ అధ్యయనం చేశాడు. కాబట్టి ఈ శాస్త్రం భారతదేశంలో తొలి అడుగులు వేసినప్పుడే వైకల్యం దాని దృష్టిలో ఉంది. అయితే అది లోపానికి సాక్ష్యంగా మాత్రమే ఉంది.

ఆయన తరువాత 1935లో బాధ్యతలు చేపట్టిన డబ్ల్యు.ఆర్. ఐక్రాయిడ్ కాలంలో 1937లో వెలువడిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టిక ఈ శాస్త్రాన్ని ప్రయోగశాల దాటించి ఉపాధ్యాయులకు, వైద్యులకు, వసతిగృహాల నిర్వాహకులకు అందుబాటులోకి తెచ్చింది. 1971లో సి. గోపాలన్ సంపాదకత్వంలో వచ్చిన రూపం, 2017లో వచ్చిన నూతన పట్టికలు దాని వారసులే. ఆనాటి ఆహార సర్వేలు కుటుంబ అవసరాన్ని లెక్కగట్టడానికి వయోజన పురుషుణ్ణి ఒక ప్రమాణంగా తీసుకున్నాయి. స్త్రీకీ, వివిధ వయసుల పిల్లలకూ ఆ ప్రమాణంలో భిన్నాంకాలు కేటాయించాయి. సమూహపు అవసరాలను అంచనా కట్టడానికి ఇది ఉపయుక్తమైన పద్ధతి. కానీ కండరాలు నిరంతరం బిగుసుకుపోయే బిడ్డకో, మంచం దిగలేని బిడ్డకో, నమలలేని బిడ్డకో ఆ పట్టికలో స్థానం లేదు.

కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా రూపొందింది. దీనితో తెలుగు పల్లెలు పోషకాహార పరిశోధనకు ప్రధాన క్షేత్రాలయ్యాయి. తరువాతి రెండు ఉదంతాలూ ఆ క్షేత్రాలకు చెందినవే.

2. రేచీకటి: ఆకుకూర నుంచి చుక్కల మందుకు
రేచీకటి తెలుగు ఇళ్లకు కొత్త వ్యాధి కాదు. పొన్నగంటి కూర కంటికి మంచిదన్న మాట నేటికీ జనవ్యవహారంలో ఉంది. రాత్రి చూపు మందగించినవారికి మేక కాలేయాన్ని సుశ్రుత సంహిత సూచించింది. కాలేయంలో విటమిన్ ఎ నిల్వ ఉంటుందనీ, ఆకుకూరలలో దానికి మూలమైన కెరోటిన్ ఉంటుందనీ ఆధునిక శాస్త్రం తరువాత వివరించింది. ఈ విషయంలో ఇంటి జ్ఞానం, ప్రయోగశాల జ్ఞానం ఒకే దిశలో నడిచాయి.

అయితే పేద ఇళ్లలో రేచీకటి అక్కడితో ఆగేది కాదు. తట్టు, అతిసారం తరువాత నల్లగుడ్డు మెత్తబడి, రోజుల వ్యవధిలోనే కన్ను కరిగిపోయే పరిస్థితి పసిపిల్లలలో కనిపించేది. మద్రాసు కంటి వైద్యుడు ఆర్.ఇ. రైట్ 1922లోనే దక్షిణ భారతంలోని ఈ అంధత్వాన్ని గురించి రాశాడు. 1960ల చివర జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఏడాదికి ఒకసారి 3 లక్షల యూనిట్ల విటమిన్ ఎ ను పిల్లలకు నోటిద్వారా ఇచ్చి గ్రామాలలో పరీక్షించారు. ఆ ఫలితాలు 1970లో ప్రచురితమయ్యాయి. అదే ఏడాది జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లలకు ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్లు ఇవ్వడం దాని ప్రధానాంశం.

ఈ విజయాన్ని తక్కువచేసి చూడలేము. అయితే దాని నిర్మాణంలో మూడు అంశాలు చర్చించదగ్గవి. మొదటిది, ఆరు నెలలకొకసారి నోట్లో పోసే మందులో తల్లికి బిడ్డను తీసుకురావడం తప్ప తెలుసుకోవలసినదేమీ లేదు. ఆకుకూరల బోధన కార్యక్రమంలో భాగంగా ఉన్నా, లెక్కకు వచ్చేది మందే. రెండవది, ఆహారాన్ని పక్కకు నెట్టి మందునే పరిష్కారంగా చూడటాన్ని తరువాతి దశాబ్దాలలో గోపాలనే గట్టిగా విమర్శించాడు. మూడవది, మన అంశానికి అత్యంత ముఖ్యమైనది: అప్పటికే చూపు పోయిన బిడ్డకు ఆ కార్యక్రమం చెప్పేదేమీ లేదు. ఆ బిడ్డ పోషకాహార శాఖ పరిధి దాటి అంధుల పాఠశాల పరిధిలోకి వెళ్లిపోతాడు. కన్ను పోగొట్టిన ఆహారలోపం మిగిలిన శరీరంలో కొనసాగుతూనే ఉంటుంది. కానీ దాన్ని పట్టించుకునే శాఖ మారిపోతుంది.

3. ఫ్లోరోసిస్: తరగతి గదిలో కనిపించిన తొలి లక్షణం
నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాలలో స్థానీయ ఫ్లోరోసిస్‌ను షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ 1937లో గుర్తించారు. భారతదేశంలో ఈ వ్యాధికి సంబంధించిన తొలి శాస్త్రీయ నివేదిక అది. నీటిలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకొని, వెన్ను, కీళ్లు బిగుసుకుపోవడం ఆనాడు వర్ణించిన రూపం.

1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ ప్రాంతం నుంచి వెలువరించిన పరిశోధన మరొక రూపాన్ని ముందుకు తెచ్చింది. కౌమార వయస్కులలో మోకాళ్లు ఒకదానికొకటి తాకేలా కాళ్లు వంగిపోవడం, అవయవాల ఎముకలు గుల్లబారడం దాని లక్షణాలు. నీటి ఫ్లోరైడుతో పాటు ఆహారంలో కాల్షియం కొరత కూడా ఇందులో పాలుపంచుకుంటుందన్న అవగాహన బలపడింది. ఆ ప్రాంతపు జొన్నలలో మాలిబ్డినం పాలు, శరీరంలో రాగి లోహంపై దాని ప్రభావం గురించి కూడా పరిశోధనలు సాగాయి. అంటే ఒకే బావి నీరు తాగిన ఇద్దరు పిల్లలలో, పాలూ పెరుగూ దొరికిన బిడ్డకూ, జొన్నన్నం, కారంతోనే గడిపిన బిడ్డకూ ముప్పు ఒకేలా ఉండదు. వైకల్యం నీటితో వచ్చినా దాని తీవ్రతను ఇంటి ఆర్థికస్థితి కూడా నిర్ణయించింది.

ఈ చరిత్రలో ఉపాధ్యాయుని స్థానం విశిష్టమైనది. ఫ్లోరోసిస్ తొలి గుర్తు పళ్లమీద కనిపిస్తుంది. పాలపళ్లు ఊడి శాశ్వత దంతాలు వచ్చే వయసులో, అంటే ప్రాథమిక పాఠశాల తరగతులలోనే, సున్నపు తెలుపు మచ్చలు, గోధుమరంగు చారలు బయటపడతాయి. ఆ బిడ్డ నవ్వును రోజూ చూసేది ఉపాధ్యాయుడే. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం బడిపిల్లల దంత పరీక్షను సర్వే సాధనంగా స్వీకరించడం ఈ వాస్తవానికి గుర్తింపే. కానీ సర్వేలో బడి సమాచారం ఇచ్చే చోటుగానే మిగిలింది. మచ్చలు కనిపించిన బిడ్డ పళ్లెంలో ఏమి మారాలన్నది ఉపాధ్యాయ శిక్షణలో ప్రధానాంశం కాలేదు.

మార్చదగినవి ఉన్నాయి. కాల్షియం, విటమిన్ సి సమృద్ధిగా ఉండే ఆహారం రక్షణకు తోడ్పడుతుంది. చింతపండు తీసుకున్న బాలుర మూత్రంలో ఫ్లోరైడు విసర్జన పెరిగిందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించారు. చింతపులుసు లేని తెలుగు వంటిల్లు అరుదు గనుక ఈ ఫలితానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. అయితే అది శుద్ధమైన నీటికి ప్రత్యామ్నాయం కాదు. వంగిన ఎముకను తిరిగి నిలబెట్టేదీ కాదు. పటిక, సున్నంతో నీటిని శుద్ధిచేసే 'నల్లగొండ పద్ధతి', తరువాత నదీజలాల సరఫరా కొత్త తరాలకు మేలు చేసే చర్యలు. అప్పటికే కాళ్లు వంగినవారు పరిశోధనా పత్రాలలో ఛాయాచిత్రాలుగా మిగిలారు. వారి ఎముకలు మరింత గుల్లబారకుండా ఏం తినాలన్న ప్రశ్న నీటి ప్రశ్న వెనుక మరుగున పడింది.

4. తక్కెడ పట్టిన తల్లి: ఫినైల్‌కీటోన్యూరియా
పై రెండు ఉదంతాలకు భిన్నమైన చరిత్ర యూరప్‌లో నడిచింది. 1934లో నార్వేకు చెందిన వైద్యుడు ఆస్బియోర్న్ ఫాలింగ్ ఫినైల్‌కీటోన్యూరియాను గుర్తించాడు. ఇద్దరు బిడ్డల మేధోవైకల్యానికి కారణం వెతుకుతూ, వారి వంటినుంచి వచ్చే వింత వాసనను ఉపేక్షించకుండా వైద్యులను పదే పదే అడిగిన తల్లి ఆ ఆవిష్కరణకు ప్రేరకురాలు. 1950ల తొలినాళ్లలో బర్మింగ్‌హామ్‌లో హార్స్ట్ బికెల్, సహచరులు ఫినైల్‌అలనిన్ తక్కువగా ఉండే ఆహారంతో చికిత్స చేయవచ్చని చూపారు. ఆ పత్రం 1953లో వచ్చింది. అక్కడ కూడా తన బిడ్డకు ఏదో ఒకటి చేయమని వైద్యుణ్ణి వదలకుండా అడిగిన తల్లి ఉంది. నవజాత శిశువుల పాదం నుంచి తీసిన రక్తపు చుక్కతో చేసే పరీక్షను 1963లో ప్రచురించిన రాబర్ట్ గత్రీ స్వయంగా మేధోవైకల్యం గల బిడ్డకు తండ్రి.

ఈ చికిత్స ఆసుపత్రిలో ముగిసేది కాదు. పాలు, పప్పు, గుడ్డు, మాంసం గ్రాములలో తూచి, పూటపూటా లెక్క రాయవలసి ఉంటుంది. తల్లి మందు తాగించే వ్యక్తిగా ఉండిపోక చికిత్సా నిర్వాహకురాలయింది. బడిలో తోటిబిడ్డ పంచిన తినుబండారం కూడా లెక్కలోకి వస్తుంది గనుక ఉపాధ్యాయుడు కూడా ఆ నిర్వహణలో భాగస్వామి అయ్యాడు.

ఇదే కాలంలో, ముఖ్యంగా 1960లలో, ప్రపంచమంతటా మాంసకృత్తుల కొరతే పోషకాహార చర్చకు కేంద్రం. పాలు, పప్పు, గుడ్డు మంచివన్న బోధన సాధారణ బిడ్డ విషయంలో సత్యమే. ఈ వ్యాధి గల బిడ్డ విషయంలో అదే బోధన మెదడుకు హాని చేస్తుంది. సాధారణ పోషకాహార పరిజ్ఞానంలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న ఉపాధ్యాయుడు ఒక ప్రత్యేక బిడ్డకు హాని చేయగలడన్నది ఈ ఉదంతం నేర్పే కఠినమైన పాఠం.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించిన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. పుట్టుకతో థైరాయిడ్ లోపం 1,700 మందిలో ఒకరికి ఉన్నట్లు తేలింది. పుట్టుకతో వచ్చే జీవక్రియా లోపాలు కూడా గణనీయంగానే కనిపించాయి. మేనరికాలు అధికంగా ఉన్న ప్రాంతంలో ఈ ఫలితానికి గల ప్రాధాన్యాన్ని వేరుగా వివరించనక్కరలేదు.

5. అంగన్‌వాడీ, బడి: ఒకే పళ్లెం
1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం పోషకాహారాన్ని ప్రతి గ్రామానికీ చేర్చింది. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28 నాటి ఆదేశం తరువాత, 2003 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పాఠశాలల్లో వండిన భోజనం అందుతోంది. వైకల్య రంగంలో 1974 నాటి సమీకృత విద్యా పథకం, 1984లో సికింద్రాబాదులో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, 1995, 2016 చట్టాలు, మండలాలలోని భవిత కేంద్రాలు వరుసగా వచ్చాయి. ఈ రెండు ధారలూ సమాంతరంగా సాగాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జన్మలోపాలు, పోషకలోపాలు, వ్యాధులు, ఎదుగుదల జాప్యాలు అనే నాలుగింటిని ఒకే పరీక్షలో చేర్చింది. అయితే అక్కడ కూడా అవి వేర్వేరు శీర్షికలే. ఒకే బిడ్డ రెండు శీర్షికల కిందికీ వస్తే ఆ రెండింటి సంబంధాన్ని చూడవలసిన బాధ్యత ఎవరిదో స్పష్టం కాదు.

ఆచరణలో ఈ విభజన పరిణామాలు తేలికైనవి కావు. అంగన్‌వాడీలో ఎత్తు కొలవాలంటే బిడ్డ నిటారుగా నిలబడాలి. మస్తిష్క పక్షవాతంతో కాళ్లు ముడుచుకున్న బిడ్డ నిలబడలేడు. మోకాలి ఎత్తును కొలిచి అంచనా వేసే పద్ధతి ఉన్నా అది సాధారణ శిక్షణలో లేదు. ఫలితంగా ఆ బిడ్డ వివరం ఖాళీగానో, తప్పుగానో నమోదవుతుంది. బడిలో అందే పల్లీ చిక్కీ శక్తినీ, మాంసకృత్తులనూ ఇచ్చే మంచి పదార్థం. నమలడం రాని బిడ్డకు అది గొంతులో అడ్డుపడే ప్రమాదం. పలుచని రాగిజావ అందరికీ హితవైనదే. మింగే కండరాలు అదుపులో లేని బిడ్డకు చిక్కని జావే క్షేమం. మూర్ఛకు ఏళ్ల తరబడి ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ వాడే బిడ్డలో విటమిన్ డి తగ్గి ఎముకలు బలహీనపడవచ్చు. డౌన్ సిండ్రోమ్ గల బిడ్డకు అతిబరువు సమస్య కావచ్చు. ఆటిజం గల బిడ్డ రంగునుబట్టో, మెత్తదనాన్నిబట్టో రెండు మూడు పదార్థాలకే పరిమితం కావచ్చు. 'వైకల్యం గల పిల్లల ఆహారం' అనే ఏకరూప వర్గం వాస్తవంలో లేదు.

భోంచేస్తూ పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని తెలుగువారు నవ్వుకుంటారు. ప్రతి పూటా పొలమారే బిడ్డ విషయంలో అది నవ్వుకోదగ్గది కాదు. ఆహారం ఊపిరితిత్తులలోకి పోతున్నదనడానికి, పదే పదే వచ్చే న్యుమోనియాకు అది ముందస్తు హెచ్చరిక. దీన్ని గుర్తించడానికి విటమిన్ల పట్టిక అక్కరలేదు; భోజన సమయంలో బిడ్డ పక్కన కూర్చునే తీరిక, చూసే కన్ను కావాలి.

యునిసెఫ్ 2021 నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 24 కోట్ల మంది పిల్లలు వైకల్యంతో జీవిస్తున్నారు. ఇతర పిల్లలతో పోలిస్తే వారిలో ఎదుగుదల కుంటుపడే అవకాశం 34 శాతం, బరువు క్షీణించే అవకాశం 25 శాతం ఎక్కువ. పోషకలోపాన్ని వైకల్యానికి కారణంగా మాత్రమే చదివిన చరిత్రను ఈ అంకెలు తలకిందులు చేస్తాయి: వైకల్యమే పోషకలోపానికి కారణమవుతున్నది. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2023 నవంబరులో దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీలకు ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేయడం ఆలస్యంగానైనా రెండు ధారలను కలిపే ప్రయత్నం.

6. పరిజ్ఞానాన్ని కొలిచే పద్ధతి గురించి
విద్యా, గృహవిజ్ఞాన శాఖలలో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల పోషకాహార పరిజ్ఞానంపై జరిగే సర్వేలు సాధారణంగా ప్రశ్నావళిపై ఆధారపడతాయి. ఆహార వర్గాలు ఏవి, ఏ విటమిన్ లోపిస్తే రేచీకటి వస్తుంది, ఇనుము ఎందులో ఉంటుంది అన్నవి అందులో పరిచితమైన ప్రశ్నలు. ఇవన్నీ నివారణ యుగపు ప్రశ్నలు. వైకల్యం గల బిడ్డ తల్లిని వీటితో కొలిచి 'పరిజ్ఞానం తక్కువ' అని నిర్ధారిస్తే, గ్రహణంమొర్రి అనే మాటలోని పాత నిందే కొత్త గణాంకంగా మారుతుంది.

ఆ తల్లికి తెలిసినవి ఆ ప్రశ్నావళిలో ఉండవు. ఒక పూట భోజనానికి ఎంతసేపు పడుతుంది, తల ఏ కోణంలో నిలిపితే బిడ్డ మింగగలడు, ఏ మందు తరువాత ఆకలి చచ్చిపోతుంది, మలబద్ధకం ఎన్ని రోజులకు వాంతిగా మారుతుంది అన్నవి ఆమె అనుభవంలో ఉన్నాయి. అన్నం పప్పుతో మెత్తగా పిసికి, నెయ్యి చేర్చి, గోరుముద్దలుగా పెట్టే అలవాటులో ఆహారపు మెత్తదనం, ముద్ద పరిమాణం, శక్తి సాంద్రత అనే మూడు చికిత్సా సూత్రాలు ఇమిడి ఉన్నాయి. అట్లాగని ఇంటి జ్ఞానమంతా నిర్దోషమని భావించరాదు. పెద్దబిడ్డను పడుకోబెట్టి, తల వెనక్కి వంచి ద్రవాలు పోయడం అపాయకరం. అది కూడా అలవాటుగానే తరతరాలకు అందుతుంది. కాబట్టి కావలసినది రెండు జ్ఞానాల పరస్పర పరీక్ష.

ముగింపు:
శతాబ్దకాలపు చరిత్ర మూడు నిర్ధారణలకు దారితీస్తుంది. పోషకాహార శాస్త్రం లోపాన్ని నివారించడంలో సాధించిన విజయమే, లోపంతో జీవించే బిడ్డను దాని దృష్టినుంచి తప్పించింది. తల్లి మందు అందుకునే వ్యక్తిగా, ఉపాధ్యాయుడు సమాచారం ఇచ్చే వ్యక్తిగా ఉన్నచోట పరిజ్ఞానం పైనుంచి కిందికే ప్రవహించింది. ఫినైల్‌కీటోన్యూరియా వంటి సందర్భంలో వారు నిర్వాహకులైనందున అది రెండువైపులా నడిచింది. నేటి పరిశోధనా సాధనాలు మొదటి నమూనానే అనుసరిస్తున్నాయి.

అందువల్ల ఈ రంగంలో పనిచేసే పరిశోధకులు ప్రశ్నావళి తయారీకి ముందు కనీసం కొన్ని భోజన వేళలను ప్రత్యక్షంగా పరిశీలించడం, వైకల్య భేదాన్నిబట్టి ప్రశ్నలను వేరుచేయడం, తల్లి జవాబును తప్పొప్పుల గీటురాయి మీద కాక బిడ్డ ఎదుగుదలతో కలిపి చదవడం అవసరం. ఉపాధ్యాయ శిక్షణలో, అంగన్‌వాడీ శిక్షణలో మింగడం, కూర్చునే భంగిమ, మందులకూ ఆహారానికీ గల సంబంధం అనే మూడు పాఠ్యాంశాలు చేరడం అంతే అవసరం. బిడ్డకు ఈ లోపం ఎందువల్ల వచ్చిందని తల్లిని అడగడం మన సమాజానికి చాలాకాలంగా అలవాటు. ఈ పూట బిడ్డ ఎంత తిన్నాడు, ఎలా తిన్నాడు అని అడగడం పరిశోధనకు కూడా అలవాటు కావలసి ఉంది.